నల్ల పట్టీల గురించి రాఘవకు

విజయవాడ

ప్రియమిత్రుడు రాఘవకు,

ఉభయకుశలోపరి. మొన్న నువ్వు ఫోను చేసి, కొత్తగా కొన్న టీవీ గోడంత ఉన్నా సినిమా పెట్టగానే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి పడుతున్నాయని, 55 అంగుళాలకు డబ్బు పుచ్చుకుని 40 అంగుళాల బొమ్మ చూపిస్తున్నారని అరగంట సేపు వాపోయావు. అప్పుడు నేను బస్టాండు గోలలో ఉండి "ఊఁ, ఊఁ" అనడం తప్ప సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది ఫోనులో తెమిలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. దుకాణం వాడితో పోట్లాటకు బయలుదేరే ముందు దీన్ని ఒక్కసారి చదువు.

ముందు లెక్క చూద్దాం. 55 అంగుళాలంటే తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న కొలత. దాని వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 68న్నర ఉంటుంది. వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.78 వస్తుంది, పెట్టె మీద 16:9 అని అచ్చువేసేది దీన్నే. నువ్వు చూసిన సినిమా స్కోపులో, అంటే వెడల్పాటి సినిమాస్కోపు పద్ధతిలో తీసింది, దాని నిష్పత్తి 2.39. అలాంటి బొమ్మ నీ తెర వెడల్పునంతా వాడుకుంటే ఎత్తు 51 సెంటీమీటర్లు మాత్రమే వస్తుంది. మిగిలిన పదిహేడున్నర సెంటీమీటర్లను పైకీ కిందికీ సమానంగా పంచితే ఒక్కో పట్టీ తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేలుతుంది. తెరలో నాలుగో వంతు ఖాళీగా ఉన్న మాట నిజమే. అయితే ఆ బొమ్మను మూల నుంచి మూలకు కొలిస్తే 52 అంగుళాలు వస్తుంది కానీ నువ్వన్నట్టు 40 రాదు. కావాలంటే టేపు పెట్టి చూసుకో.

ఇక నువ్వు కనిపెట్టానని సంబరపడిన ఉపాయం, అంటే రిమోట్‌లోని జూమ్, ఏం చేస్తున్నదో చెబుతాను. పట్టీలు పోయేదాకా అది బొమ్మను పెంచుతుంది. ఎత్తు నిండేసరికి వెడల్పు తెర దాటిపోతుంది కనుక ఆ దాటిన భాగాన్ని రెండు వైపులా కోసి పారేస్తుంది. ఆ కోత కూడా ఇంచుమించు నాలుగో వంతే. పట్టీ ఉన్నప్పుడు ఖాళీగా ఉన్నది తెర. జూమ్ చేసినప్పుడు పోయినది బొమ్మ. స్కోపులో తీసే ఛాయాగ్రాహకుడు మాట్లాడుకునే ఇద్దరినీ ఆ కొసన ఒకరిని, ఈ కొసన ఒకరిని నిలబెట్టడానికి ఇష్టపడతాడు. జూమ్ చేస్తే ఇద్దరి ముక్కులూ మిగిలి, మధ్యలోని గోడ మాత్రం నిండుగా కనిపిస్తుంది. అదీకాక, ఇతర భాషల సినిమాలకు అడుగున వచ్చే అనువాద వాక్యాలు కొన్నిసార్లు నల్ల పట్టీలోనే ఉంటాయి కాబట్టి అవి కూడా కోతకు పోతాయి.

నీ బాధకు అసలు మూలం ఎక్కడుందో నాకు తెలుసు. అది మనిద్దరం చిన్నప్పుడు సినిమా చూసిన పద్ధతిలోనే ఉంది. మా చిన్న మేనమామ మన ఊరి హాల్లో ఆపరేటరుగా పనిచేసిన రోజులు గుర్తున్నాయా? కార్బన్ కడ్డీల వెలుగుతో నడిచే ఆ రెండు మిషన్ల మధ్య, ఆ ఉక్కలో, మనిద్దరినీ ఒక మూల నిలబెట్టి "ఏదీ ముట్టుకోవద్దు" అని వంద సార్లు చెప్పేవాడు. ముందుగా ఫిలిమ్స్ డివిజన్ వారి న్యూస్ రీలు వచ్చేది. వరదలు, ఆనకట్టలు, మంత్రుల రిబ్బన్ కత్తిరింపులు అన్నీ చిన్న బొమ్మగా తెర మధ్యలో ఉండేవి, అటూ ఇటూ తెల్ల తెర మీదికి నల్లగుడ్డలు లాగి ఉండేవి. అది అయిపోగానే మామయ్య మిషన్‌కు స్కోపు లెన్సు బిగించేవాడు, కింద కుర్రాడు తాడు లాగేవాడు, నల్లగుడ్డలు కిర్రుకిర్రుమంటూ రెండు పక్కలకూ జరిగేవి, తెర చూస్తుండగానే పెరిగేది, బెంచీల వాళ్లు ఈలలు వేసేవారు. హాల్లో అన్ని బొమ్మలకూ ఎత్తు ఒకటే, మారేది వెడల్పు. ఇంట్లో టీవీకి వెడల్పు పెంచే తాడు లేదు, కనుక ఎత్తు తగ్గవలసి వస్తుంది. హాల్లో స్కోపు అంటే తెర పెరగడం, ఇంట్లో స్కోపు అంటే బొమ్మ తగ్గడం. పెద్దదిగా చూపించడానికి పుట్టిన బొమ్మ అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంటే మనసుకు కష్టంగా ఉండటంలో వింతేమీ లేదు. నీ ఫిర్యాదు న్యాయమైనదే, కాకపోతే నువ్వు ఫిర్యాదు చేస్తున్నది సంబంధం లేని మనిషి మీద.

ఒకరోజు మామయ్య లెన్సు మార్చడం మరిచిపోయాడు. కథానాయకుడు తాటిచెట్టులా పొడుగ్గా, సన్నగా తెర మీదికి వచ్చాడు. గుర్రం మేకలా ఉంది. హాలంతా "లెన్సో, లెన్సో" అని అరిచింది. ఆ రోజు మనకు నవ్వులాట అయింది కానీ ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో అంతకన్నా బాగా ఎవరూ చూపించలేరు. సినిమాస్కోపు ఫిల్ము కూడా మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మే. తీసేటప్పుడు కెమెరా లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కుతుంది, వేసేటప్పుడు మిషన్ లెన్సు దాన్ని మళ్లీ రెట్టింపు వెడల్పుకు సాగదీస్తుంది. ఈ లెన్సును 1920లలో తయారుచేసినవాడు ఆన్రీ క్రెతియెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. పాతికేళ్ల పాటు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

తరువాత పట్టించుకోవలసి వచ్చింది, దానికి కారణం టెలివిజనే. సినిమా బొమ్మకు మొదట ఉన్న ఆకారం 4:3. ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కో బొమ్మకు అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు కేటాయించినప్పుడు ఏర్పడిన నిష్పత్తి అది. మూకీల కాలమంతా అదే నడిచింది. టాకీలు వచ్చాక ఫిల్ము అంచున శబ్దానికి చోటివ్వడంతో బొమ్మ ఇంచుమించు చతురస్రమైపోయింది. 1932లో హాలీవుడ్ అకాడమీ వారు దాన్ని సర్ది 1.37గా స్థిరపరిచారు. టెలివిజన్ వచ్చినప్పుడు అదీ సినిమా ఆకారాన్నే అనుసరించి 4:3 పెట్టుకుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో జనం ఇళ్లలోనే బొమ్మలు చూడటం మొదలుపెట్టి హాళ్లు ఖాళీ అవుతుంటే, ఇంట్లో దొరకనిది ఏదైనా చూపించాలని సినిమావాళ్లు తెరను అడ్డంగా సాగదీశారు. 1952లో మూడు మిషన్లతో వంపు తెర మీద సినిరామా వచ్చింది. 1953లో ఫాక్స్ సంస్థ క్రెతియెన్ లెన్సును తెచ్చుకుని సినిమాస్కోపు అని పేరు పెట్టింది. దాని నిష్పత్తి మొదట 2.55, ఫిల్ము మీద శబ్దపు పట్టీకి చోటిచ్చాక 2.35, 1970 తరువాత 2.39. టీవీలో పట్టకూడదనే పట్టుదలతో తయారైన ఆకారం టీవీలో పట్టడం లేదని ఇప్పుడు నువ్వు బాధపడుతున్నావు, రాఘవా!

మన దేశంలో మొదటి సినిమాస్కోపు చిత్రం 1959లో గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్'. తెలుగులో మొదటిది కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు', 1974లో. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలో ఆ కొండలూ ఆ గుంపులూ అడ్డంగా పరుచుకున్న తీరు చూస్తే వెడల్పు ఎందుకు కావలసి వచ్చిందో అర్థమవుతుంది. ఆ చిత్రాన్ని జూమ్ పెట్టి చూడటం అపచారం. 1986లో కృష్ణగారే 'సింహాసనం'తో తెలుగుకు 70 ఎం.ఎం. తెచ్చారు. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎం.ఎం., సంధ్య 70 ఎం.ఎం., దేవి 70 ఎం.ఎం. అంటూ హాళ్ల పేర్లతోనే ఫిల్ము కొలతలు కలిసిపోయాయి. 70 అంటే తెర రెట్టింపు అని మనం చాలా కాలం నమ్మాము. అది ఫిల్ము వెడల్పు మాత్రమే. 70 ఎం.ఎం. బొమ్మ నిష్పత్తి సాధారణంగా 2.20, స్కోపు కన్నా కొంచెం తక్కువ. నీ టీవీలో దానికి పట్టీలు కూడా కొంచెం సన్నంగానే వస్తాయి.

మరి టీవీనే స్కోపు ఆకారంలో చేయవచ్చు కదా అని నువ్వు అడుగుతావు. అలా చేస్తే వార్తలకు, క్రికెట్‌కు, పాత సినిమాలకు పక్కల నల్లగోడలు లేస్తాయి. కొత్త తరం టీవీకి ఏ ఆకారం పెట్టాలనే ప్రశ్న 1980లలో వచ్చినప్పుడు, అమెరికాలోని సినిమా, టెలివిజన్ ఇంజనీర్ల సంఘంలో కెర్న్స్ పవర్స్ అనే ఆయన అప్పటికి వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటినీ ఒకే విస్తీర్ణం గల దీర్ఘచతురస్రాలుగా కత్తిరించి, కేంద్రాలు కలిసేట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడట. అన్నిటినీ చుట్టి వచ్చే బయటి చట్రం, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి చట్రం రెండూ 1.77 దగ్గరే తేలాయి. 1.33ను 2.35తో గుణించి వర్గమూలం తీసినా వచ్చేది అదే. 16:9 పుట్టిన కథ అది. రచ్చబండ తీర్పు లాంటిది. ఏ పక్షానికీ పూర్తి న్యాయం జరగదు, ఏ పక్షమూ మరీ నష్టపోదు. స్కోపు బొమ్మకు పైనా కిందా నాలుగో వంతు, 4:3 బొమ్మకు పక్కల నాలుగో వంతు, సరిసమానంగా ఖాళీ.

ఆ రెండో సంగతి గురించే నేను నీతో నిజంగా తగవు పెట్టుకోవాలి. అమ్మ చూసే పాత సినిమాలకు పక్కల నల్లగా ఉంటే బాగాలేదని నువ్వు టీవీని 'వైడ్'లో పెట్టి వదిలేశావని చెప్పావు. 1957 నాటి 'మాయాబజార్' ఇంచుమించు 4:3 ఆకారంలోని బొమ్మ. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఆ చట్రానికి సరిపోయేట్టు కిరీటం నుంచి పాదం దాకా కొలిచి అమర్చాడు. దాన్ని అడ్డంగా లాగితే ప్రతి ముఖమూ మూడో వంతు వెడల్పు పెరుగుతుంది. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు గారికి ఆ అదనపు వెడల్పు అవసరమంటావా? చందమామ కోడిగుడ్డు అవుతుంది, రథచక్రం అప్పడమవుతుంది. లాగకుండా జూమ్ చేస్తే కిరీటాలూ కాళ్లూ పోతాయి, పౌరాణికంలో అవి రెండూ పోయాక మిగిలేది తక్కువ. కొన్ని ఛానళ్లు తామే బొమ్మను లాగి ప్రసారం చేస్తాయి, అంతర్జాలంలో పెట్టిన పాత పాటల్లో చాలావాటికి అదే గతి. అక్కడ మనం చేయగలిగింది లేదు. మన చేతిలో ఉన్నచోట మనమే ఆ పని చేయడం మాత్రం నాకు ఒళ్లు మండే విషయం.

ఇంకొక చిన్న సంగతి. ఈ మధ్య కొన్ని వెబ్ సిరీసులు 2:1లో వస్తున్నాయి కనుక వాటికి పట్టీలు సన్నంగా ఉంటాయి. హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ కొన్ని చిత్రాల డిస్కులలో, పెద్ద ఫిల్ము వాడే ఐమాక్స్ కెమెరాతో తీసిన ఘట్టాలు రాగానే పట్టీలు మాయమై, ఘట్టం ముగియగానే తిరిగి వస్తాయి. అది టీవీ జబ్బు కాదు, మెకానిక్కును పిలవకు.

ఇక నువ్వు చేయవలసిన పని. టీవీలో బొమ్మ పరిమాణం అనే చోట 'ఒరిజినల్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో 'జస్ట్ స్కాన్' అనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, దాన్ని ఎంచుకో. అంతటితో సరిపోదు, సెట్‌టాప్ బాక్సుకు కూడా ఇదే మీట వేరేగా ఉంటుంది, దాన్నీ సరిచేయాలి. లేకపోతే ఒకటి లాగినదాన్ని రెండోది నొక్కుతుంది. నువ్వు చెప్పిన నాలుగు వైపులా నలుపు, నడుమ తపాలా బిళ్లంత బొమ్మ వచ్చిన ఛానల్ సంగతి మాత్రం వేరు అయి ఉంటుంది. పైనా కిందా పట్టీలు ఛానల్ వాళ్లు ముందే బొమ్మలో కలిపి 4:3గా పంపితే, పక్క పట్టీలు నీ టీవీ చేర్చుతుంది. జూమ్ మీటకు న్యాయమైన పని ఆ ఒక్క చోటే ఉంది, అక్కడ నిరభ్యంతరంగా నొక్కు.

పట్టీలు నల్లగా కాక బూడిదరంగులో మెరుస్తున్నాయని కూడా అన్నావు. నీది ఎల్‌సీడీ తెర కనుక వెనుక దీపం వెలుగు కొంత నలుపులోంచి కారుతుంది. గదిలో పెద్ద లైటు తీసేసి, టీవీ వెనుక గోడ మీద పడేట్టు చిన్న బల్బు ఒకటి పెట్టు. గోడ కాస్త వెలిగితే కంటికి ఆ బూడిద నలుపుగానే తోస్తుంది. హాల్లో నల్లగుడ్డలు లాగేది అందుకే, బొమ్మకు అంచు దిట్టంగా ఉండాలని. ఇన్నేళ్లలో ఆ గుడ్డల గురించి ఒక్క ప్రేక్షకుడూ మేనేజరు గదికి వెళ్లి డబ్బు వాపసు అడగలేదు.

సంక్రాంతికి మీ ఊరు వస్తున్నాను. ముందు అమ్మ చూసే ఛానల్ సరిచేసి ఉంచు, సినిమా ఏదైనా నేను వచ్చాక పెట్టుకుందాం. చెల్లెమ్మను అడిగానని చెప్పు, అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ శేషు