పిల్లల బొమ్మలకి ఊళ్ళో ఒక గోడ ఇప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారమండి,

మాది రాజమండ్రి, ఫోటో ఫ్రేములు కట్టే షాపు నడుపుతాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలే ఎక్కువ వస్తాయి గానీ నెలకి నలుగురైదుగురు పిల్లలు వాళ్ళేసిన బొమ్మలు చుట్టచుట్టి పట్టుకొస్తారు, ఈ ఉత్తరం వాళ్ళ కోసమే.

పోయినేడాది ఇంటర్ చదివే ఒక అమ్మాయి గోదావరి మీద పాత రైలు వంతెన ఉంది చూడండి, ఆ హేవలాక్ బ్రిడ్జి బొమ్మ తెచ్చింది. వాటర్ కలర్. గడ్డర్ల మీద తుప్పు అచ్చం తుప్పులాగే ఉంటే ఏం రంగమ్మా ఇది అనడిగాను, బ్రౌన్ ట్యూబు అయిపోయింది అంకుల్, టీ డికాషన్ వేశాను అంది. కింద నీళ్ళలో స్తంభాల నీడలు కూడా తిన్నగా కాకుండా అలకి కదిలినట్టు వేసింది, రోజూ గట్టు మీద కూర్చుని చూస్తే తప్ప అలా రాదండి. ఎవరో పోటీ పెట్టి ఫ్రేము కట్టించి తెమ్మన్నారట, బీడింగు, గ్లాసు, వెనకాల అట్ట అన్నీ కలిపి వాళ్ళ నాన్నకి ఒకరోజు కూలి డబ్బులు అయిపోయాయి. పొద్దున పదింటికి బొమ్మలు తగిలించారు, మధ్యాహ్నం గెస్టులు వచ్చి ఫోటోలు దిగి మెమెంటోలు ఇచ్చి వెళ్ళిపోయారు, నాలుగింటికల్లా అన్నీ దింపేసి ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. గ్లాసు పగిలి బొమ్మ మీద గీరుకుపోయింది. మళ్ళీ నా దగ్గరికే తెచ్చింది పాపం, గ్లాసైతే మార్చాను, ఆ గీత ఎలా తీస్తానండి?

మన ఊళ్ళో దామెర్ల రామారావు గారి పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ముప్పై కూడా రాలేదు. అంటే అక్కడ మనం చూసే నంది పూజ లాంటి ఆయన బొమ్మలన్నీ ఒక కుర్రాడు వేసినవే కదా! కుర్రాడిగా ఉన్నప్పుడే ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలో ఉన్నదేంటో కనిపెట్టి ప్రోత్సహించాడు, ఆ తర్వాత బొంబాయి జేజే స్కూల్లో చదివారు, అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర దగ్గర చదువుకున్నవారే. రామారావు గారు పోయాక వరదా వెంకటరత్నం గారి లాంటి దగ్గరివాళ్ళు బొమ్మల్ని కాపాడబట్టి వందేళ్ళైనా చూడగలుగుతున్నాం. అలాంటి ఊళ్ళో ఇప్పటి పిల్లల బొమ్మకి ఒక్కపూట గోడ దొరకడమే గగనం అయితే ఎలాగండి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. కార్పొరేషన్ వాళ్ళు జనం తిరిగే చోట ఒక హాలు, అదీ కుదరకపోతే వానకి తడవని పొడుగాటి గోడ ఒకటి ఇస్తే చాలు, నాలుగు లైట్లు పెట్టి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలి. ఒక్కో బ్యాచ్ బొమ్మలు నెల రోజులైనా ఉండాలి. కింద వేసినవాళ్ళ పేరు, ఊరు, అమ్మేదైతే రేటు కూడా రాయాలి, ఎందుకంటే కొనేవాళ్ళు ఉన్నారండి, మా షాపులో ఎండబెట్టిన బొమ్మ చూసి ఇది ఇస్తారా అని అడిగినవాళ్ళు ఎంతమందో. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసే పిల్లలు కడియం, ధవళేశ్వరం, కోరుకొండ వైపు నుంచి కూడా వస్తారు, ఆ సెలెక్షన్ డ్రాయింగ్ మాస్టార్లకి వదిలేయండి, చీఫ్ గెస్టుల కోసం ఆగక్కర్లేదు.

2027లో పుష్కరాలు. ఎలాగూ గోడలన్నిటికీ రంగులేయిస్తారు, అందులో ఘాట్లకి వెళ్ళే దారిలో కొన్ని గోడలు ఈ పిల్లలకిచ్చి, పెయింటర్లకిచ్చినట్టే కూలి కూడా ఇవ్వండి. ఊరికే వేయించుకోవద్దు దయచేసి.

ఫ్రేముల సంగతి నేను చూసుకుంటాను. ఒకే సైజులో పాతిక కట్టి ఉంచుతా, గ్లాసు బదులు పగలని షీటు వేస్తా, పిల్లల దగ్గర పైసా తీసుకోను, బ్యాచ్ మారినప్పుడల్లా నేనే వచ్చి బొమ్మలు మార్చి వెళ్తాను. ఆ హేవలాక్ బ్రిడ్జి బొమ్మ మొదటి బ్యాచ్‌లో పెడదామని ఆ అమ్మాయిని అడిగితే గీత కనపడకుండా ఇంకోటి వేసిస్తా అంకుల్ అంది. గోడ ఎక్కడో చెప్తే చాలండి.

ఇట్లు,
ఒక ఫ్రేముల షాపాయన, రాజమండ్రి