స్టెంట్ వేశారు సరే, దాని మీద పూసిందేంటో ఎవరు చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు, నాలుగు నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు (ఆయన మాత్రం స్టంట్ అనే అంటాడు, యార్డు వాళ్ళంతా అంతే). వైద్యం బాగానే చేశారండీ, డాక్టర్ల మీద నాకేం కంప్లైంట్ లేదు. గొడవంతా పన్ను దగ్గర మొదలైంది.

పోయిన నెల దవడ పన్ను సలుపు ఎక్కువై పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్తే అక్కడ కౌంటర్లో కుర్రాడు "రక్తం పలచనయ్యే బిళ్ళలు వాడుతున్నారా, అయితే ఓ ఐదు రోజులు ఆపేసి రండి" అన్నాడంట. నాన్న బుద్ధిగా ఆపేశాడు, నాకు చెప్పను కూడా చెప్పలేదు. రెండో రోజు రాత్రి విజయవాడ నుంచి మా పెదనాన్న కూతురు ఫోన్ చేసింది, తను నర్సు, మాటల మధ్యలో ఈ సంగతి విని ఒక్క అరుపు అరిచింది. "ఒరేయ్ బుర్రుందా మీకు, గుండె డాక్టర్ని అడక్కుండా బిళ్ళలు ఆపుతారా, ఇప్పుడే ఫోన్ చేసి అడుగు, ఆ స్టెంట్ కార్డు కూడా తీసి చూడు" అంది.

కార్డా? ఫైలంతా తిరగేస్తే బిల్లులో "స్టెంట్ - 1" అని ఉంది, అంతే. ఏదో బనీన్లు కొన్నట్టు.

అక్క చెప్పింది నాకర్థమైనంతలో రాస్తున్నా, తప్పుంటే పెద్దలు దిద్దండి. స్టెంట్ అంటే సన్నటి లోహపు జల్లెడ గొట్టం. అది రక్తనాళంలోకి వెళ్ళగానే రక్తంలో ఉండే ప్రోటీన్లు సెకన్లలో వచ్చి దాని మీద అంటుకుంటాయి, పెళ్ళివారికన్నా ముందు వంటవాళ్ళు దిగినట్టు. కణాలు ఆ తర్వాత వస్తాయి, వచ్చి ఆ ప్రోటీన్లు పరిచిన పరుపుని బట్టి అతుక్కుంటాయి లేదా జారిపోతాయి. ఏ పూతా లేని పాత రకం స్టెంట్లలో నాళం గోడలోని కండర కణాలు పెరిగి పెరిగి నూటికి 20, 30 మందికి నాళం మళ్ళీ సన్నబడేదంట. అందుకే ఆ పెరుగుదలని అడ్డుకునే మందు స్టెంట్ మీద పూయడం మొదలెట్టారు, సిరోలిమస్ అనే మందు పూసిన దానికి అమెరికాలో 2003లో అనుమతి ఇచ్చారు. ఆ మందు ఎక్కడిదనుకున్నారు, ఎక్కడో పసిఫిక్ సముద్రంలో ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి తీసింది!

ఇక్కడే ఉంది చిక్కు. ఆ మందుకి మంచి కణం, చెడ్డ కణం తేడా తెలీదు, నాళం లోపలి గోడకి నున్నటి పొరలా పరుచుకోవాల్సిన కణాల్ని కూడా నెమ్మదింపజేస్తుంది. ఆ పొర కప్పేదాకా లోహం రక్తానికి తగుల్తూనే ఉంటుంది, ప్లేట్‌లెట్లు దాని మీద చేరి గడ్డ కడితే ప్రాణం మీదకొస్తుంది. ఆ గడ్డ కట్టకుండా కాపలా కాసేవే నాన్న వాడే ఆ రెండు రక్తం పలచనయ్యే బిళ్ళలు. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ రోజే చెప్పుంటే నాన్న వాటిని ఆపేవాడా?

ఫోన్ స్పీకర్లో పెట్టి ఇదంతా వింటుంటే మా అమ్మ "అంటే అట్లపెనం లాంటిదేగా, అట్టు అంటుకోకూడదు, నూనె మాత్రం పట్టుకోవాలి" అంది. అక్క నవ్వి, అవును పిన్నీ, కానీ శరీరంలో ఒక్కోచోట ఒక్కో పెనం అంది. తుంటి మార్పిడికి వేసే లోహం మీదైతే కొన్నిటికి ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే, హైడ్రాక్సీఅపటైట్, పూస్తారు, అక్కడ ఎముక కణాలు గట్టిగా పట్టుకోవాలి. మూత్రం గొట్టానికి మాత్రం నీళ్ళు తగిలితే జారుడుగా అయ్యే పూత.

మర్నాడు ఆస్పత్రికెళ్తే మూడు కౌంటర్లు తిప్పారు. చివరికి కేస్ షీట్లో అంటించిన స్టిక్కర్ ఒక సిస్టర్ వెతికిపెట్టింది, చీమతలంత ఇంగ్లీషు అక్షరాలు, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేస్తే సిరోలిమస్ అని, బ్యాచ్ నంబరు, అన్నీ ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల రేట్లకి కళ్ళెం వేసినప్పుడే (మందు పూసిన స్టెంట్ అప్పట్లో 29,600 రూపాయలు) ధరతో పాటు బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలన్నారు. రేటు సంగతి అందరికీ గుర్తుంది, ఈ రెండోది ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏ స్టెంట్, దాని మీద ఏ మందు, ఏ తేదీన వేశారు, ఎవర్ని అడక్కుండా ఏ బిళ్ళ ఆపకూడదు అని తెలుగులో నాలుగు లైన్ల కార్డు పేషెంట్ చేతిలో పెట్టమనండి, ఆరోగ్య శాఖ వాళ్ళు ఆస్పత్రులకి ఒక్క మాట చెప్తే అయిపోతుంది. అలాగే పళ్ళ క్లినిక్కుల్లో కౌంటర్ మీద కూర్చునే పిల్లలకి కూడా.

నాన్న పన్ను తర్వాత బిళ్ళలు ఆపకుండానే పీకారు, ఇద్దరు డాక్టర్లు ఫోన్లో మాట్లాడుకుని, ఒక కుట్టేసి దూది నొక్కి పెట్టారు. స్టిక్కర్ వివరాలు నేనే తెలుగులో రాసి జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించా, 20 రూపాయలు తీసుకున్నాడు, ఇప్పుడది నాన్న చొక్కా జేబులో ఉంటోంది.

ఇట్లు,
మీ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు