మా ఇంటి గోడలు లేపినవాళ్లకు

మొన్న ఆదివారం విజయవాడ పాయకాపురంలో మా కొత్త ఇంట్లో పాలు పొంగించాం. వచ్చినవాళ్లకు అక్కడే దండం పెట్టుకున్నాం. రాలేకపోయినవాళ్లు, పేరు కూడా చెప్పకుండా పని చేసి వెళ్లిపోయినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మీదపడినప్పుడు మా రేకుల ఇల్లు నడుంలోతు నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు దిగేసరికి వెనక గోడ లేదు. స్థలానికి పట్టా ఉంది కానీ నాన్న గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో హమాలీ. జీతం స్లిప్పు లేదని ఒక బ్యాంకులో అప్లికేషన్ కూడా తీసుకోలేదు. బయట తెద్దామంటే నూటికి మూడు రూపాయల వడ్డీ.

వరదప్పుడు మా వీధికి అన్నం పొట్లాలు, మంచినీళ్లు తెచ్చిన చర్చి వాళ్లే మళ్లీ వచ్చారు. పాస్టర్ గారు నాన్నతో నిక్కచ్చిగా చెప్పారు: "ఇల్లు ఊరికే కట్టివ్వమండీ. సామాను డబ్బు అప్పుగా ఇస్తాం, వడ్డీ ఉండదు. నెలనెలా కట్టాలి, పనిలో మీరూ చెయ్యి వెయ్యాలి. మీరు కట్టేది ఇంకొకళ్ల ఇంటికి వెళ్తుంది." ఊరికే ఇస్తామని ఉంటే నాన్న ఒప్పుకునేవారు కాదు. ఆయన సంగతి మాకు తెలుసు. అందుకే నా మొదటి థ్యాంక్స్ ఆ అప్పుకే.

ఈ పద్ధతి అమెరికాలో మిల్లార్డ్ ఫుల్లర్, లిండా దంపతులు 1976లో పెట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థది. మన దేశంలో వాళ్ల పని 1983లో మొదలైంది ఎక్కడో కాదు, ఖమ్మంలో. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఎనభై దాటిన వయసులో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గరికి వచ్చి ఇళ్ల పనిలో చెయ్యి వేశారు. మాకు సాయం చేసిన చర్చి వాళ్లు ఆ సంస్థ వాళ్లు కారు, దారి మాత్రం అదే పట్టుకున్నారు. బీదవాడికిచ్చిన అప్పుకి వడ్డీ తీసుకోవద్దని బైబిల్ నిర్గమకాండంలోనే ఉందట.

ఇక పని. మాది నల్లమట్టి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. పునాది పైపైన వేస్తే గోడలు పగుళ్లిస్తాయి. అందుకని లోతుగా తవ్వి, ఇసుక నింపి, గోడల కింద ప్లింత్ బీమ్ (ఇనుప చువ్వలు పెట్టి పోసే కాంక్రీటు దూలం) వేశారు. బుడమేరు గుర్తుంది కాబట్టి బేస్‌మెంట్ రోడ్డు కంటే బాగా ఎత్తు లేపారు. సగం డబ్బు నేలలోకే పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. నాకైతే ఆ డబ్బే సరిగ్గా ఖర్చయిందనిపిస్తుంది.

శనివారాల్లో వచ్చిన యూత్‌లో సగం మంది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాల వాళ్లు. ఫ్లైయాష్ ఇటుకలు చేతికందించి బొబ్బలెక్కించుకున్నారు. "వీళ్లతో అయ్యే పనేనా" అని తాపీ మేస్త్రి బాబాయ్ గారు మొదట్లో గొణిగారు. సెల్ఫీలు తీసుకుంటుంటే తిట్టారు కూడా. స్లాబ్ రోజు మాత్రం వాళ్లు వరసకట్టి కాంక్రీటు గమేళాలు అందిస్తుంటే ఆయనే అందరికీ టీ తెప్పించారు. స్లాబ్ మీద మట్టిగట్లు కట్టి నీళ్లు నిలబెట్టడం, గోడలు తడపడం మా వంతు. తమ్ముడు కాలేజీకి వెళ్లేముందు, నేను మెడికల్ షాపు నుంచి వచ్చాక తడిపేవాళ్లం.

ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది మమ్మల్ని అడిగారు. మేం దుర్గమ్మ భక్తులం, ఇప్పుడూ అంతే. ఇల్లు కట్టినన్నాళ్లూ చర్చికి రమ్మని ఎవరూ అనలేదు. పని మొదలుపెట్టేముందు వాళ్లు ప్రార్థన చేసుకునేవారు, మా అమ్మ గడపకి పసుపు రాసింది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

పాస్టర్ గారికి, మేస్త్రి బాబాయ్ గారికి, తలుపు చెక్క ఇచ్చిన ఆంటీకి, కూలి తగ్గించుకున్న ఎలక్ట్రీషియన్ అన్నకి, యూత్ అన్నయ్యలకి, అక్కలకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. మొదటి వాయిదా కట్టేశాం. ఈ శనివారం కండ్రికలో ఇంకో ఇంటికి పునాది తీస్తున్నారు, నాన్నా నేనూ వెళ్తున్నాం. రావాలనుకునేవాళ్లు పొద్దున్నే ఆరింటికల్లా రండి. పారలు, గమేళాలు అక్కడే ఉంటాయి. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి.