వార్షిక నివేదిక: ఫ్రీఫ్లై శిక్షణ, భద్రత

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది కార్యవర్గం సమయంలో ఎక్కువ భాగం, వాదనల్లో దాదాపు అన్నీ ఫ్రీఫ్లై శిక్షణకే పోయాయి. విమానం నుంచి దూకాక, పారాచూట్ తెరిచేలోపు పొట్టమీద కాకుండా కూర్చున్నట్టో తలకిందులుగానో పడటమే ఫ్రీఫ్లై. కాబట్టి నివేదికలోనూ దానిదే పెద్ద వాటా. సర్వసభ్య సమావేశం, రిజర్వ్ (అత్యవసర) పారాచూట్‌ను తిరిగి మడతపెట్టించే గడువులు గుర్తుచేయడం వంటివి ఎప్పటిలాగే సాగాయి.

సిట్ ఫ్లై (కూర్చున్న భంగిమలో పడటం) నేర్చుకుంటామని పేరిచ్చినవారిని ముందు విమానం దగ్గరికి కాదు, పారాచూట్లు మడతపెట్టే ప్యాకింగ్ చాప దగ్గరికి పిలిచాం. కొందరు నొచ్చుకున్నారు కూడా. పొట్టమీద పడేటప్పుడు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. కూర్చునో, తలకిందులుగానో పడితే 240 నుంచి 290 దాకా పోతుంది. ఆ వేగంలో పారాచూట్ తనంతట తాను విచ్చుకుంటే గుడ్డ చిరగొచ్చు, మనిషి ప్రాణమే పోవచ్చు. ఒక సభ్యుడి కంటైనర్ (వీపున తగిలించుకునే పారాచూట్ బ్యాగు) తిప్పి చూస్తే పైలట్ చూట్ (పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న పారాచూట్) పెట్టే సంచి సాగిపోయి ఉంది, ఆ రెంటినీ కలిపే పట్టీ, అంటే బ్రైడిల్, బెత్తెడు బయటికి వేలాడుతోంది. "ఇన్నాళ్లూ ఏం కాలేదుగా" అన్నాడాయన. పొట్టమీద ఉన్నప్పుడు వీపు వైపు గాలి అంతగా తగలదు. కూర్చుంటే సరిగ్గా ఆ సంచి మీదికే కొడుతుంది. సంచి మార్పించాకే దూకనిచ్చాం. తొడ పట్టీలు మోకాళ్లవైపు జారకుండా రెంటినీ వెనక కలిపే సాగే తాడు కూడా అందరికీ కట్టించాం.

తరువాత కార్కింగ్. నిలువుగా పడుతున్నవాడు పట్టు తప్పి పొట్టమీదికి తిరిగితే వేగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. అతనికి పెద్ద తేడా తెలియకపోవచ్చు, పైనుంచి వస్తున్నవాడికి మాత్రం గోడ ఎదురొచ్చినట్టే. అందుకే మొదట ఒంటరిగా, ఆపైన కోచ్‌తో ఇద్దరే. ముగ్గురు స్నేహితులం కలిసి నేర్చుకుంటామన్న అర్జీని తోసిపుచ్చాం. గట్టి హెల్మెట్ అందరికీ తప్పనిసరి.

ఒంటరిగా దూకేవారు విమానం పోయే దారికి అడ్డంగా ముఖం పెట్టుకోవాలి. సిట్‌లో మనకు తెలియకుండానే వెనక్కి జారిపోతాం. దారి వెంబడి జారితే ముందో వెనకో దూకిన బృందం నెత్తిమీదికి చేరతాం.

ఇక సమయం. 4,000 మీటర్ల నుంచి పొట్టమీద నిమిషం దొరికితే, నిలువుగా 45 సెకన్లకే అయిపోతుంది. ఎత్తు చూపే చేతి ఆల్టీమీటర్‌తో పాటు చెవిలో మోగేది కూడా ఉండాలన్నాం. పారాచూట్ తీసేముందు పొట్టమీదికి వచ్చి వేగం తగ్గించుకోవాలి గనుక ఒకరికొకరు దూరంగా విడిపోయే ఎత్తునూ పెంచాం.

నేరుగా హెడ్ డౌన్ (తలకిందులుగా పడటం) నేర్పమన్నవారికి ఒకటే జవాబిచ్చాం: సిట్‌లో కదలకుండా నిలకడగా ఉండి, కోరిన వైపు తిరిగి, మధ్యలో ఎత్తు చూసుకున్నట్టు వీడియోలో కనిపించాలి. వచ్చే విడతకూ ఇదే నియమం. దూకే ముందురోజే కంటైనర్ తెచ్చి చూపించండి.