తోట ఇచ్చేవారు తోటమాలి జీతమూ ఇవ్వాలి

సంపాదకులకు,

పబ్లిక్ తోటకు విరాళం అనగానే దాతలకు గుర్తొచ్చేవి గేటు, ఫౌంటెన్, పేరు చెక్కిన పలక. పాదులు చేసేవాళ్ల జీతం, పంపు మరమ్మతు, ఎరువు ఎవరికీ పట్టవు. తోటలు చాలావరకు ఎండిపోయేది వీటికి డబ్బు లేకే.

ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్ట్రట్ 1840లో డెర్బీ పట్టణానికి ఆర్బొరీటం, అంటే రకరకాల చెట్ల తోట, కానుకగా ఇచ్చారు, నిర్వహణకు నిధి మాత్రం పెట్టలేదు. దాంతో వారంలో రెండు రోజులే ఉచితం, తక్కిన రోజులు టికెట్టు. అది పూర్తిగా ఎత్తేసేసరికి 1882 వచ్చింది. అమెరికాలో పియర్ డుపాంట్ దారి వేరు. పాత చెట్లు కలపకు పోకుండా 1906లో ఆయన కొన్న స్థలమే నేటి లాంగ్‌వుడ్ గార్డెన్స్. 1937లో ఫౌండేషన్ పెట్టారు కాబట్టి ఆయన పోయాకా తోట నడుస్తోంది.

లెక్క కష్టమేం కాదు. నిధిలోంచి ఏటా 4 శాతమే తీయాలనుకుంటే, ఏడాది ఖర్చుకు 25 రెట్లు జమచేయాలి. అంతకు మించి వచ్చిన రాబడిని అసలులో కలపాలి. లేకపోతే జీతాలు పెరుగుతుంటాయి, నిధి ఉన్నచోటే ఉండిపోతుంది. అంత డబ్బు లేదా? తోట చిన్నది చేయండి.

దానపత్రంలో షరతులు పనిని పట్టి చూపేలా ఉండాలి. 1722లో స్థల యజమాని హాన్స్ స్లోన్ లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్ అనే ఔషధ మొక్కల తోటను ఏడాదికి 5 పౌండ్ల అద్దెకు శాశ్వతంగా ఇస్తూ, ఏటా 50 ఎండుమొక్కల నమూనాలు రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి పంపాలన్నారు, మొత్తం 2,000 అయ్యేదాకా. అంటే 40 ఏళ్లపాటు తోటలో పని జరుగుతోందో లేదో ఏటా తేలిపోయేది. అదే ‘ఈ మడిలో ఎప్పటికీ గులాబీలే ఉండాలి’ అని రాస్తే చిక్కే. ఏళ్ల తరబడి గులాబీలున్న మట్టిలో మళ్లీ గులాబీ నాటితే సరిగా కుదురుకోదు. మట్టి మార్చాలి, లేదా వేరే మొక్క వేయాలి. రెండోదానికి పత్రం ఒప్పుకోదు.

ఇక ప్రారంభోత్సవం నాటి మొక్కలు. ఫొటోలో బాగుంటాయని పెద్ద చెట్లు తెప్పిస్తారు. తవ్వి తీసేటప్పుడు వాటి వేర్లు చాలావరకు తెగిపోతాయి. చిన్న మొక్కే తొందరగా నాటుకుంటుంది. కాండం వేర్లుగా విచ్చుకునే చోటు మట్టిపైన కనిపించాలి, లోతుగా నాటితే కొన్నేళ్లకు గానీ జబ్బు బయటపడదు. ఆకుచెత్త 2 నుంచి 4 అంగుళాల మందాన కప్పి, మొదలుకు తగలకుండా ఎడం వదలాలి. ఊతకర్ర కట్టు ఏడాదిలోపు విప్పకపోతే బెరడును కోసేస్తుంది. నీళ్లు రెండు మూడేళ్లు తప్పకుండా పోయాలి, కాబట్టి మొక్కల బిల్లుతో పాటే మూడేళ్ల నీటి ఖర్చూ విరాళంలో చేర్చాలి.

దాత పేరు పలక పంపు గది మీద పెడతామన్నా మాకు అభ్యంతరం లేదు.

— కొందరు ఉద్యాన నిర్వాహకులు