ప్రసారం సరే, వివరం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

కోర్టు విచారణల ప్రత్యక్ష ప్రసారాన్ని పెద్ద సంస్కరణగా చెప్పుకుంటున్నాం. బ్రెజిల్ 2002లోనే న్యాయవ్యవస్థ కోసం ప్రత్యేకంగా టీవీ ఛానల్ పెట్టింది. మన సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 27న రాజ్యాంగ ధర్మాసనాల (రాజ్యాంగానికి సంబంధించిన పెద్ద ప్రశ్నలు వినే, ఐదుగురు లేదా అంతకు మించిన జడ్జీల బెంచీలు) వాదనల ప్రసారం మొదలుపెట్టింది. మంచిదే. కానీ గంటసేపు వాదనలు చూసినా అసలు గొడవేమిటో సామాన్యుడికి అంతుబట్టదు. తలుపులైతే తీశారు, లోపల జరిగేది విడమరిచి చెప్పేవాళ్లేరి?

కెనడా సుప్రీంకోర్టు ఈ పని 2018 నుంచి చేస్తోంది. తీర్పుకు తోడుగా ఒక చిన్న సారాంశం విడుదల చేస్తుంది. తగాదా ఏమిటి, ఏం తేల్చారు, ఎందుకు అన్నది అందులో వాడుక మాటల్లో ఉంటుంది. రాసేది కోర్టు సిబ్బందే. అది తీర్పులో భాగం కాదని కూడా స్పష్టంగా చెబుతారు. 2019లో అక్కడి న్యాయమూర్తులు రాజధాని ఒట్టావా వదిలి విన్నిపెగ్ వెళ్లి విచారణలు జరిపారు, విద్యార్థులతోనూ మాట్లాడారు.

జడ్జి తన తీర్పు ద్వారానే మాట్లాడాలన్నది సబబైన నియమం. తీర్పును సమర్థించుకోవడానికి ఆయన మైకు ముందుకు రావడం ఎవరికీ మంచిది కాదు. అందుకే తీర్పును విడమరిచి చెప్పే బాధ్యత మరొకరికి అప్పగించాలి. లేదంటే బెయిలు రాగానే 'నిర్దోషి అని తేలింది' అనీ, స్టే (తాత్కాలిక నిలుపుదల) రాగానే 'కేసు గెలిచాం' అనీ ప్రచారం మొదలవుతుంది. దాన్ని ఖండించే నాథుడుండడు.

కింది కోర్టుల్లో పరిస్థితి మరీ కష్టం. కక్షిదారుకు తెలిసిన కోర్టంటే చేతికొచ్చిన సమన్లు, నోటీసు బోర్డు మీది కేసుల జాబితా, బంట్రోతు పిలుపు. పొద్దుటినుంచి వరండాలో పడిగాపులు కాస్తే చివరికి వినిపించేది 'వాయిదా' అన్న ఒక్క ముక్క. జడ్జి సెలవులో ఉన్నారా, సాక్షి రాలేదా, అవతలి వకీలు గడువు అడిగారా? చెప్పరు. కారణం తెలిస్తే కోపం తగ్గకపోవచ్చు గానీ, లోపల ఏదో లాలూచీ జరిగిందన్న అనుమానమైనా తగ్గుతుంది. సమన్ల మొదటి వరుసలోనే 'మీ మీద కేసు లేదు, సాక్షిగా పిలుస్తున్నాం' అని పెద్దక్షరాల్లో ఉంటే ఎన్ని ఇళ్లలో కంగారు తప్పుతుందో!

వాయిదా తేదీని ఫోనుకు పంపే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అదే సందేశంలో కారణాన్ని నాలుగు మాటల్లో చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

– ఒక పాఠకుడు