పిడుదుల మందు ఊరంతటికీ ఒకేరోజు కొట్టించండి: పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

అనంతపురం జిల్లా నుంచి ఒక పాడిరైతు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, పిడుదుల బాధ గురించి మా ఊరి మహిళా సంఘం తరఫున గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. అర్జీ తీసుకున్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. వానలు మొదలు కాకముందే ఊళ్లో పశువులన్నిటికీ, కొట్టాలతో సహా, ఒకేసారి మందు కొట్టిస్తామని మాట ఇచ్చారు. వానలు పడ్డాయి, విత్తనం పడింది, కలుపుతీతలు కూడా అయిపోయాయి. మందు కొట్టేవాళ్లు రాలేదు. ఫోన్‌కు మెసేజ్ మాత్రం వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని మళ్లీ పోతే, ఊరికి మందు సీసాలు పంపినట్టు కాగితాల్లో ఉందన్నారు. నిజమే, కొన్ని సీసాలు వచ్చాయి. ముందు పోయినవాళ్లకు దొరికాయి, మిగతా ఊరికి లేవు.

దీన్ని పిడుదుల నివారణ అని ఎట్లా అంటారు సార్? నా ఆవుకు నేను మందు కొట్టుకున్నా, బీడులో మేసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి మళ్లీ ఎక్కించుకునే వస్తుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు ఆముదం గింజంత అయ్యి కింద రాలుతుంది. రాలి ఊరికే చావదు. బండల సందుల్లోనో గోడ పగుళ్లలోనో దూరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి అప్పుడు చస్తుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు తిండి లేకపోయినా వారాలు, నెలలు కాచుకుని ఉంటాయి. పశువు ఒంటిమీద కనిపించేవి కొన్నే, ఎక్కువ భాగం కొట్టంలో, నేలలో ఉంటాయని మాకు చెప్పింది మీ శాఖ డాక్టర్లే. ఇంత తెలిసిన శాఖ, ఒంటికి పూసే సీసాలు నాలుగు పంచి పని అయిపోయిందని రాసుకోవడం న్యాయమేనా? మా అత్తగారి కాలంలో కొట్టంలో కోళ్లు తిరుగుతూ రాలిన పిడుదులను ఏరుకు తినేవి. ఇప్పుడు ఆ కోళ్లూ లేవు.

గాలికుంటు టీకాకు మీవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు, కాదనం. 2019లో కేంద్రం ఆ కార్యక్రమం పెట్టినప్పటి నుంచి టీకా ఉచితంగా వేస్తున్నారు, చెవికి 12 అంకెల పోగు వేస్తున్నారు. నట్టల మందు కూడా మందలకు మందలకే తాగిస్తున్నారు. అంటే ఊరంతా ఒకేసారి చేసే పని మీ శాఖకు చేతకానిది కాదు. మా ఆవుకు పోగు వేసినరోజు చెవి మడిచి పట్టుకున్నది నేనే. చెవి లోపల వరుసగా పిడుదులు కరుచుకుని ఉన్నాయి. పోగు వేసే అబ్బాయి అడ్డమొచ్చిన రెండింటిని గోరుతో పీకేసి, ఆ సందులో పోగు గుచ్చి, ఫోన్‌లో నంబరు ఎక్కించుకున్నాడు. "వీటికేమైనా మందుందా నాయనా" అని అడిగితే, "దానికి స్కీమ్ లేదమ్మా" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేముంది? చెప్పిన పని చేసిపోయాడు. కానీ నాకు మనసు రగిలిపోయింది సార్. ప్రభుత్వం మా ఆవు చెవి దాకా వచ్చి, ఆ చెవిలో పిడుదులను చూసి, వెళ్లిపోయింది.

ఆ వానాకాలంలోనే ఆ ఆవు చనిపోయింది. జెర్సీ సంకర ఆవు, సంఘం లోను మీద కొన్నది. ఉన్నట్టుండి పాలు తగ్గాయి, మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోయింది. ముందరి భుజం దగ్గర గడ్డ చేతికి తగిలింది. డాక్టరుగారు వచ్చి చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసుకుని, పరీక్ష చేయించి, థైలేరియా అన్నారు. పిడుదులు అంటించే జబ్బే. దానికి వేసే బుపార్వాక్వోన్ ఆస్పత్రిలో లేదు. టౌనుకు మనిషిని పంపి, అప్పు చేసి తెప్పించేసరికి ఒక రాత్రి గడిచింది. సూది పడేటప్పటికే ఆవుకు ఆయాసం ఎక్కువైంది. తెల్లారి లేవలేకపోయింది. దూడ అరుస్తూనే ఉంది. ఆవు పోయినా కంతు నెలనెలా కడుతున్నాం. మేం ఆపితే సంఘంలో అందరికీ చెడ్డపేరు కదా.

నాటు ఆవులు ఈ జబ్బును కొంత తట్టుకుంటాయి, సంకర ఆవులు తట్టుకోలేవు. ఇది మీకు తెలియనిది కాదు. సంకర ఆవులు కొనుక్కోమని లోన్లు ఇప్పించింది ప్రభుత్వమే. సూదులు వేసి సంకర దూడలను పుట్టించిందీ మీ శాఖే. థైలేరియాకు టీకా హైదరాబాద్‌లోనే తయారైంది. దాన్ని ద్రవ నత్రజనిలో పెట్టాలి కాబట్టి ఊళ్లకు తేవడం కష్టమంటారు. ఎదకొచ్చిన ఆవులకు వేసే వీర్యాన్ని అదే ద్రవ నత్రజని క్యాన్లలో ఊరూరికీ తెస్తున్నారు కదా సార్? దూడ పుట్టడానికి వచ్చే క్యాను, పుట్టిన దూడ బతకడానికి ఎందుకు రాదు?

మందు దొరకనప్పుడు జనం ఏం చేస్తున్నారో కూడా తెలుసుకోండి. మా వీధిలో ఒకాయన మిరపకు కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి ఎనుముకు పూశాడు. కాసేపటికే నోటి నుంచి నురగ, కాళ్లు వణుకు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు బండి టైముకు వచ్చి, విరుగుడు సూది అట్రోపిన్ వేయబట్టి బతికింది. ఆ బండిలో వచ్చినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాం. కానీ ఆ ఎనుము ఒంటిమీద పిడుదులు ఇంకా ఉన్నాయి. షాపుకు పోతే డెల్టామెత్రిన్ అనే పిడుదుల మందు ఇస్తారు, లీటరు నీళ్లకు రెండు మిల్లీలీటర్లు అని సీసా మీద ఉంటుంది. పనిచేయడం లేదంటే డోసు పెంచమంటారు. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే పిడుదులు దానికి లొంగవని, మన దేశంలో చాలాచోట్ల అట్లాగే జరిగిందని పశువైద్య పరిశోధకులే చెబుతున్నారు. మరి మా జిల్లాలో ఏ మందు పనిచేస్తోందో, ఏది పనిచేయడం లేదో చూసి చెప్పవలసింది ఎవరు? షాపువాళ్లా?

జీవాల సంగతి, అంటే గొర్రెలూ మేకల సంగతి, ఇంకా కష్టం. 2019 పశుగణనలో గొర్రెల్లో మన రాష్ట్రం దేశంలో రెండో స్థానం. అందులో మా జిల్లా వాటా ఎంతో మీకు నేను చెప్పాలా? మేత లేని నెలల్లో మందలు బళ్లారి వైపు, కర్నూలు-కడప (కేసీ) కాలువ కింది పొలాలకు పోతాయి. ఎక్కడెక్కడో రొప్పాల్లో, అంటే మందను తోలే దొడ్లలో, పడుకుని, పిడుదులను మోసుకుని వానలకు తిరిగొస్తాయి. తిరిగొచ్చే మందకు ఊరి పొలిమేరలోనే మందు కొట్టే ఏర్పాటు ఉంటే సగం బాధ తగ్గుతుంది. శనక్కాయ పంట పోయిన ఏడు మా ఇళ్లను నిలబెట్టేవి పాలూ, జీవాలే.

ఇంకొక మాట. పిల్లలు పశువుల ఒంటి నుంచి పిడుదులను పీకి రాయి మీద పెట్టి చితకకొడుతుంటారు. 2011లో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో జ్వరం వచ్చి, వైద్యం చేసినవాళ్లు కూడా చనిపోయారు. అది కూడా పిడుదుల ద్వారా వచ్చేదే, చితికిన పిడుదు నుంచీ అంటుకుంటుంది. పక్కన కర్ణాటకలో 1957లో క్యాసనూరు అడవి జ్వరం బయటపడింది. అక్కడ అడవికి పోయేవాళ్లకు పిడుదులు అంటకుండా ప్రభుత్వమే నూనె పంచుతోంది. మా జిల్లాలో ఆ జ్వరాలున్నాయని నేను అనడం లేదు. పిల్లలకు చెప్పేవాళ్లు కూడా లేరంటున్నాను. బడిలో ఒక అరగంట చెబితే చాలు, దానికి ఖర్చేముంది?

అయ్యా, కొత్త పథకం అడగడం లేదు, మాకు ఇచ్చిన మాటే అడుగుతున్నాం. వచ్చే వానలకు ముందు ఒకరోజు పెట్టండి. ఆ రోజు ఊళ్లో ప్రతి ఆవుకూ, ఎద్దుకూ, ఎనుముకూ, జీవానికీ, ప్రతి కొట్టానికీ, ప్రతి రొప్పానికీ మందు పడాలి. గుడ్లు మొదటిసారికి చావవు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ పడాలి. బుపార్వాక్వోన్ ఆస్పత్రిలో ఉండాలి. దూడలకు టీకా రావాలి. ఏ తేదీన వస్తారో ముందుగా దండోరా వేయించండి, పశువులను బీడుకు తోలకుండా ఇంటి దగ్గరే కట్టి పెట్టుకుంటాం. నీళ్లు మేం తెస్తాం, పశువులను మేం పట్టుకుంటాం, స్ప్రేయర్లు మా ఊళ్లోనే ఉన్నాయి. మందూ, కొలత చెప్పే మనిషీ మీరు పంపితే చాలు.

దయచేసి ఈ లేఖకు కూడా పరిష్కరించబడింది అని మెసేజ్ పెట్టకండి. తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక పాడిరైతు, మహిళా సంఘం సభ్యురాలు,
అనంతపురం జిల్లా